వత్తు విరిగితే... విప్పి చూద్దాం!

శుభలేఖలో పెళ్లికూతురి పేరు 'లక్ష్మి'. కీబోర్డు మీద సరిగ్గానే కొట్టారు. తెరమీద మాత్రం 'క' ఒకచోట, 'ష' ఒకచోట, 'మ' ఇంకోచోట... మధ్యలో పొల్లు గుర్తులు! ఇప్పుడేం చేయాలి? సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఉత్తరం రాసి, కొత్త వెర్షన్ వచ్చేదాకా పెళ్లి వాయిదా వేసుకోవాలా? అక్కర్లేదు. ఆ సాఫ్ట్‌వేర్‌ని విప్పి, సరిచేసి, మళ్లీ మనమే తయారుచేసుకునే దారి కూడా ఒకటుంది.

తెనాలి అనగానే నాటకాలు, పద్యాలు, 'ఆంధ్రా ప్యారిస్' అన్న ముద్దుపేరు గుర్తొస్తాయి. అచ్చుతోనూ ఆ ఊరికి పాత చుట్టరికమే. చక్రపాణి 'యువ' పత్రిక మొదలుపెట్టింది అక్కడే. సీసపు అక్షరాల రోజుల్లో కంపోజిటర్ ఒక్కో అక్షరం ఏరి, వత్తులు కింద పేర్చి వాక్యం కట్టేవాడు. తర్వాత కంప్యూటర్లొచ్చాయి. డీటీపీ అంటే పేజ్‌మేకర్ అన్నంతగా ఆ పేరు తెలుగునాట స్థిరపడిపోయింది.

1985లో పుట్టిన పేజ్‌మేకర్‌కి చివరి పెద్ద వెర్షన్ 2001లో వచ్చింది. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికినా, ఆ సాఫ్ట్‌వేర్‌కి మాత్రం యూనికోడ్ తెలుగు పట్టుబడలేదు. అందుకే మనవాళ్లు ఒక ఉపాయం పన్నారు. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల్ని కూర్చిన ఫాంట్లు తయారుచేసుకున్నారు. కంటికి తెలుగే! ఫాంటు తీసేస్తే మాత్రం అర్థంపర్థం లేని ఇంగ్లిషు అక్షరాల గుంపు. ఇరవై ఏళ్ల కింద కంపోజ్ చేసిన పుస్తకంలో ఒక్క పేరు వెతకాలన్నా, దాన్ని ఇంటర్నెట్లో పెట్టాలన్నా తలప్రాణం తోకకొస్తుంది.

మరి ఇన్నేళ్లలో ఒక్క తెలుగు ప్రోగ్రామరైనా దాన్ని బాగుచేయలేదా? చేయలేడు. ఎందుకంటే...

విగ్రహం ఇస్తారు, మూస ఇవ్వరు

తెనాలి శిల్పశాలలు విగ్రహాలకు పేరుపొందాయి. ముందు మట్టితో నమూనా చేస్తారు. దానిమీద మూస తీస్తారు. మూసలో పోతపోస్తే విగ్రహం. తయారైన విగ్రహం కొనుక్కున్నవాళ్లు కూడలిలో నిలబెట్టుకోగలరు. 'కాస్త కళ్లజోడు మార్చాలి' అంటే మాత్రం మళ్లీ నమూనా ఉన్న శిల్పి దగ్గరికి పోవాల్సిందే.

సాఫ్ట్‌వేరూ అంతే. ప్రోగ్రామర్ రాసేది మనిషి చదవగలిగే పాఠం. అదే సోర్స్ కోడ్. దాన్ని యంత్రానికి అర్థమయ్యే ఒకట్లూ సున్నాలుగా మార్చే పనిని కంపైల్ చేయడం అంటారు. మనం కొనే సీడీలోనో, డౌన్‌లోడ్‌లోనో ఉండేది పోతపోసిన విగ్రహం. నమూనా కంపెనీ బీరువాలో ఉంటుంది. ఓపెన్ సోర్స్ వాళ్లు నమూనా కూడా చేతికిస్తారు.

ఈ గొడవ మొదలవడానికీ అచ్చుయంత్రమే కారణమంటే నమ్ముతారా? 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ ప్రయోగశాలకి ఒక జిరాక్స్ లేజర్ ప్రింటర్ వచ్చింది. మాటిమాటికీ కాగితం ఇరుక్కునేది. పాత ప్రింటర్‌కైతే రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్, కాగితం ఇరుక్కోగానే అందరికీ కబురందేలా ప్రోగ్రామ్ మార్చిపెట్టాడు. కొత్తదానికీ అలాగే చేద్దామంటే సోర్స్ కోడ్ లేదు. అది ఉన్న వ్యక్తిని వెతుక్కుంటూ వెళ్లి అడిగితే, ఎవరికీ ఇవ్వనని మాటిచ్చానన్నాడట. ఆ కోపమే 1983లో గ్నూ ప్రాజెక్టుకీ, 1989లో జీపీఎల్ లైసెన్సుకీ దారితీసింది. జీపీఎల్ షరతు సూటిగా ఉంటుంది: వాడుకో, మార్చుకో, పంచుకో. మార్చినదాన్ని ఎవరికైనా ఇస్తే, సోర్స్ కూడా అందేలా చూడు.

అరబ్బీకి వండితే తెలుగుకీ వడ్డన

పేజ్‌మేకర్ చేసే పనే చేసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ స్క్రైబస్. జర్మనీకి చెందిన ఫ్రాంజ్ ష్మిడ్ మొదలుపెట్టాడు. పేజీలు కట్టడం, నాలుగు రంగుల విభజన, ప్రెస్సుకి పంపే పీడీఎఫ్... అన్నీ ఉన్నాయి. కానీ 1.4 వెర్షన్ల దాకా మొదట్లో చెప్పిన 'లక్ష్మి' కష్టమే! తెలుగు అక్షరాలు కలిసేవి కావు.

ఆ కష్టం తెలుగువాళ్లదే కాదు. అరబ్బీలోనూ అక్షరాలు ఒకదానితో ఒకటి కలవాలి. ఒమన్‌లోని ఓపెన్ సోర్స్ బృందం ఎవరి అనుమతికీ ఎదురుచూడకుండా కోడ్ తీసుకుని పనిలోకి దిగింది. అక్షరాల్ని కలిపే పనిని హార్ఫ్‌బజ్ అనే మరో ఓపెన్ సోర్స్ సాధనానికి అప్పగించారు. ఆ పని 2017లో వచ్చిన 1.5.3 వెర్షన్‌లో చేరింది. అరబ్బీతో పాటు హిందీ, మలయాళం, తెలుగు వత్తులు కూడా ఒద్దికగా కుదురుకున్నాయి.

మరో రాష్ట్రం వాళ్లు ఆలస్యం చేయలేదు. కేరళలోని 'జనయుగం' దినపత్రిక 2019లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కి మారిపోయింది. పేజీలు స్క్రైబస్‌లో, బొమ్మలు గింప్, ఇంక్‌స్కేప్‌లలో! రోజూ రాత్రి గడువులోపు పేజీలు పంపాల్సిన దినపత్రికే వాడగా లేనిది, శుభలేఖలకు పనికిరాదంటే ఎలా?

ఓపెన్ సోర్స్‌లో తప్పులుండవని కాదు. బోలెడుంటాయి. తేడా అల్లా తలుపు తెరిచి ఉండటమే. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో వస్తే ఐఫోన్లు కుప్పకూలిన సంగతి గుర్తుందా? కొద్దిరోజుల్లోనే యాపిల్ దాన్ని సరిచేసింది, మంచిదే. కానీ అక్షరం మనది, తాళంచెవి వాళ్లది.

'సీమేక్' అంటే మూటాముల్లె సర్దడం

ఇక అసలు పని. లినక్స్ ఉన్న మామూలు కంప్యూటర్ చాలు. స్క్రైబస్ వాళ్ల సొంత సైటు నుంచే సోర్స్ దించుకోవాలి, ఎక్కడపడితే అక్కడ కాదు. అది సీ ప్లస్‌ప్లస్ భాషలో రాసిన వందల ఫైళ్ల మూట.

తర్వాత కంపైలర్, సీమేక్ అనే సాధనం, ఇంకొన్ని లైబ్రరీలు కావాలి. కిటికీలు, బటన్లు గీసేది క్యూట్. అక్షరాల్ని చదివేది ఫ్రీటైప్. కలిపేది హార్ఫ్‌బజ్. రంగుల లెక్క చూసేది లిటిల్ సీఎంఎస్. కొత్తవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. లైబ్రరీ ఉంటే సరిపోదు, దాని 'డెవ్' ప్యాకేజీ కూడా వేసుకోవాలి. స్క్రైబస్ 1.6కి క్యూట్ 5, ప్రయోగాత్మకమైన 1.7కి క్యూట్ 6 కావాలి. ఒకటి బదులు ఇంకొకటి ఉంటే బండి కదలదు.

అప్పుడు 'సీమేక్' ఆదేశమిస్తే అది ఇల్లంతా వెతికి ఏముందో, ఏం లేదో చెబుతుంది. 'దొరకలేదు' అన్న ఎర్రక్షరాలు చూసి బెంబేలెత్తకండి. అది తిట్టు కాదు, సరుకుల చీటీ! లేనివి వేసుకుని మళ్లీ అడగాలి. రెండుమూడు విడతలు పట్టడం మామూలే. అన్నీ కుదిరాక 'మేక్' అనండి. తెరమీద శాతం అంకెలు పెరుగుతూ పోతాయి. కంప్యూటర్ ఓపికను బట్టి కొన్ని నిమిషాల నుంచి గంట దాకా పట్టొచ్చు. చివరగా 'మేక్ ఇన్‌స్టాల్'. ముందే సీమేక్‌కి సొంత ఫోల్డర్ చిరునామా ఇచ్చి ఉంటే, ఇదివరకే ఉన్న స్క్రైబస్ జోలికి పోకుండా కొత్తది పక్కనే కూర్చుంటుంది.

ఇంత శ్రమ అందరికీ అవసరమా అంటే, లేదనే చెప్పాలి. 2024 జనవరిలో వచ్చిన 1.6 స్థిరమైన వెర్షన్. నేరుగా దించుకుని వాడుకోవచ్చు. ప్రెస్సులో ఆపరేటర్ కంపైలర్ ముందు కూర్చోనవసరం లేదు. కానీ ఆ ప్రెస్సు యజమాని కొడుకో, కూతురో ఇంజినీరింగ్ చదువుతుంటే? సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు నాన్నగారికి అడ్డంపడుతున్న చిన్న లోపాన్ని కోడ్‌లో వెతికి మార్చొచ్చు. రెండోసారి 'మేక్' అన్నప్పుడు అన్నీ మొదటికి రావు. మారిన ఫైలు, దాన్ని నమ్ముకున్న ఫైళ్లు మాత్రమే మళ్లీ తయారవుతాయి. బాగా కుదిరితే ఆ మార్పును స్క్రైబస్ వాళ్లకి పంపొచ్చు. ఒమన్ నుంచి మనకొచ్చినట్టే, తెనాలి నుంచి ఇంకెవరికో వెళ్తుంది.

ఒక్క జాగ్రత్త. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాతదాంట్లో సరిగా తెరుచుకోకపోవచ్చు. నకలు దాచుకున్నాకే ప్రయోగాలు. ఇక స్క్రైబస్ తెరిచి, మంచి యూనికోడ్ ఫాంటు ఎంచుకుని టైపు చేయండి: లక్ష్మి, స్త్రీ, రాష్ట్రం, జ్ఞానం. నాలుగొందల శాతం పెద్దది చేసి చూడండి. వత్తులన్నీ వాటి చోట కూర్చుంటే పీడీఎఫ్ తీసి ప్లేటుకి పంపించేయొచ్చు. ముహూర్తానికి ఇంకా టైముంది!