యతి తప్పిన యంత్రం

ఇరవై ఏళ్ళుగా కాలేజీలో తెలుగు చెబుతున్నవాణ్ణి. పిల్లలకు గణవిభజన నేర్పి జీతం తీసుకుంటున్నవాణ్ణి. అటువంటి నేను నాంపల్లిలో నిండుసభలో యతి తప్పిన పద్యం చదివి తల దించుకున్నాను. తప్పు ఎవరిదంటారా? సగం యంత్రానిది, సగం నాది.

మా కాలేజీ లెక్కల మాస్టారి పదవీ విరమణ సభ అది. నన్ను ఒక ఉత్పలమాల చదవమన్నారు. పేపర్లు దిద్దే రోజులు కావడంచేత తీరిక చిక్కలేదు. ఇంజనీరింగు చదువుతున్న మా అబ్బాయి సెల్‌ఫోనులోని కృత్రిమ మేధను అడిగి, అర నిమిషంలో పద్యం పట్టుకొచ్చాడు. చూపులకు నున్నగానే ఉన్నది. గొంతెత్తి చదివాను. చప్పట్లు కొట్టారు. మెట్లు దిగుతుండగా, వెనకటికి నాకు చదువు చెప్పిన మాస్టారు చేయి పట్టుకుని, "ఏమోయ్, మూడో పాదంలో యతి ఎక్కడ పారేసుకున్నావు?" అన్నారు.

ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు. భ, ర, న, భ, భ, ర, వ గణాలు. రెండో అక్షరం ప్రాస. మొదటి అక్షరానికీ పదో అక్షరానికీ యతిమైత్రి. ఇంటికి వచ్చి చూసుకుంటే మూడో పాదం ‘క’తో మొదలైంది, పదో చోట ‘మ’ దర్జాగా కూర్చుని ఉన్నది. "యతి సరిపోయిందా?" అని యంత్రాన్ని అడిగాను. "చక్కగా సరిపోయింది" అన్నది. పట్టిన కుందేటికి మూడే కాళ్ళు!

మర్నాడు ఆదివారం. ప్రాయశ్చిత్తంగా ఒక ఛందోగ్రంథం కొందామని అబ్బాయిని వెంటబెట్టుకుని ఆబిడ్స్ పేవ్‌మెంటు మీది పాత పుస్తకాల బజారుకు బయలుదేరాను. దారిలో వాడన్నాడు: "నాన్నగారూ, దాన్ని తిట్టి లాభం లేదు. అది ఛందస్సు చదువుకోలేదు. లక్షలాది పుటలు చూసి మాట తీరు పట్టుకున్నది, అంతే."

వాడు చెప్పినది నా భాషలో చెబుతాను. మా అమ్మమ్మకు ఒక్క వ్యాకరణ సూత్రం తెలియదు. అయినా ఆమె నోట విభక్తి తప్పడం నేను ఎరగను. వినీ వినీ అబ్బిన భాష అది. న్యూరల్ నెట్‌వర్కు అటువంటిది. 1943లో మెక్కలోక్, పిట్స్ అనేవారు మెదడు కణాల అల్లికను గణితంలో ఊహించారు. 1958లో రోజెన్‌బ్లాట్ పెర్సెప్ట్రాన్‌తో దానికి నేర్చుకునే తీరు చూపాడు. దానికి సూత్రాలు చెప్పరు, ఉదాహరణలు చూపుతారు. తప్పినప్పుడల్లా లోపలి అంకెలు కాస్త కాస్త సవరిస్తారు. చివరకు ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో పసికడుతుంది.

రెండోది పండితుని మార్గం. సంకేతాలు, సూత్రాలు, తర్కం. 1956 నాటి ‘లాజిక్ థియరిస్ట్’ ఈ మార్గంలో గణిత సిద్ధాంతాలను రుజువు చేసింది. ఈ పండితుడు సూత్రం జవదాటడు. సూత్రం లేనిచోట నోరు మెదపడు. అమ్మమ్మను ఉత్పలమాల చెప్పమంటే చిక్కు. పండితుణ్ణి కబుర్లు చెప్పమంటే చిక్కు. ఇద్దరినీ ఒక ఇంట్లో కాపురం పెట్టించడమే ఇప్పటి ప్రయత్నం.

ఈ మాటలలోనే నాంపల్లి స్టేషన్ రోడ్డులో గోల్డెన్ థ్రెషోల్డ్ దగ్గరకు వచ్చాము. సరోజినీ నాయుడుగారి ఇల్లు అది. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆ ఇంటిలోనే మొదలై, తరువాత గచ్చిబౌలికి తరలింది. కాన్పూరు ఐ.ఐ.టి.లో పుట్టిన ‘అనుసారక’ అనే అనువాద ప్రయత్నం ఆ విశ్వవిద్యాలయంలో పెరిగింది. తెలుగు మొదలైన భాషల నుంచి హిందీలోకి దారి వేయాలని దాని సంకల్పం. వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ గార్లు పాణినీయ కారకాలను కంప్యూటరుకు ఒప్పజెప్పే పద్ధతిని వివరిస్తూ 1995లో గ్రంథమే వెలువరించారు. 1998లో ఏర్పడిన హైదరాబాదు ట్రిపుల్ ఐటీ ముందు నిలిచి, ఇతర సంస్థలతో కలిసి ‘సంపర్క్’ అనే అనువాద యంత్రాన్ని తయారు చేసింది. అందులో పాణినీయ సూత్రాలూ ఉన్నవి, ఉదాహరణల నుంచి నేర్చుకున్న గణాంకాలూ ఉన్నవి. ‘పాడు’ అన్నప్పుడు పాట పాడడమా, పాడుబడినదా? రెండర్థాలూ ఉన్నవని సూత్రం చెబుతుంది. ఈ వాక్యంలో ఏదో నేర్చిన అలవాటు తేలుస్తుంది.

ఇక అమెరికాలో అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులైన కంభంపాటి సుబ్బారావుగారు మనవారే. ఏ పని తర్వాత ఏ పని చేయాలో ప్రణాళిక వేయమని వీరి బృందం ఈ మాటకారి యంత్రాలను పరీక్షించింది. 2023లో వెలువరించిన ఫలితాలలో జీపీటీ-4 వంటిదే సగటున 12 శాతం ప్రణాళికలు మాత్రమే సరిగా వేయగలిగింది. వారు 2024లో సూచించిన ఉపాయం ఇది: యంత్రం ఊహించి చెప్పాలి, సూత్రాలు తెలిసిన వేరొక పరీక్షకుడు తప్పు ఎత్తిచూపాలి, యంత్రం మళ్ళీ చెప్పాలి. ఇలా 15 సార్ల లోపల, దిమ్మెలు పేర్చే లెక్కలలో 82 శాతం సరిపోయినవి. తన పేపరు తానే దిద్దుకునే విద్యార్థికి నూటికి నూరు వస్తాయి. అందుకనే పరీక్షకుడు వేరే ఉండాలి.

ఆబిడ్స్‌లో పాత అప్పకవీయం దొరికింది. ఆ రాత్రి అబ్బాయి గురులఘువులు, యతి, ప్రాస సరిచూసే చిన్న ప్రోగ్రాము రాసి యంత్రం నెత్తిన కూర్చోబెట్టాడు. నేను పక్కన కూర్చుని, సంయుక్తాక్షరానికి ముందరి లఘువు గురువవుతుందనీ, ఏ వర్గానికి ఏ మైత్రి అనీ చెబుతూ పోయాను. పద్యం పదకొండుసార్లు వెనక్కు వెళ్ళి, పన్నెండోసారికి నాలుగు పాదాలూ నిలిచినవి. లక్షణానికి వంక లేదు.

కాని చదివి చూసుకుంటే నాలుగో పాదంలో లెక్కల మాస్టారు ‘మధురగాయకుడు’ అయి కూర్చున్నాడు! గకారానికి యతి కావలసి వచ్చింది కాబోలు. ఆయన జన్మలో చాక్‌పీసు తప్ప తంబురా పట్టినవాడు కాడు. యతి తప్పితే పట్టుకునే సూత్రం ఉన్నది. మనిషి తప్పితే పట్టుకునే సూత్రం ఏ ఛందోగ్రంథంలో ఉన్నది? ఆయనతో ఇరవై ఏళ్ళు పక్క గదిలో పాఠాలు చెప్పినవాణ్ణి నేను. ఆ పని నాది. సభనాడు నేను తప్పించుకున్నది అదే.

ఆ పాదం కొట్టివేసి నేనే రాశాను. ఫీజు కట్టలేని పిల్లలకు సాయంత్రంపూట ఆయన ఉచితంగా లెక్కలు చెప్పిన సంగతి అందులోకి వచ్చింది. పద్యం తీసుకుని మా మాస్టారి ఇంటికి వెళ్ళాను. ఆయన వేళ్ళు మడిచి నాలుగు పాదాలూ లెక్కపెట్టి, కళ్ళజోడు తీసి, "యతి దొరికిందోయ్. లెక్కల మాస్టారు కూడా దొరికాడు," అన్నారు.