బల్బు కోసం బంపరు విప్పాలి!

కారు హెడ్‌లైట్లో బల్బు మాడిపోయింది. ఏముంది... వీధి చివర మెకానిక్ దగ్గర ఆపితే బానెట్ ఎత్తి, రబ్బరు మూత లాగి, కొత్తది పెట్టేస్తాడు. ఐదు నిమిషాల పని. 2014లో తయారీ ఆగిపోయిన మారుతి 800ని ఏళ్లతరబడి నడిపినవాళ్లలో చాలామంది ఆ పని తామే చేసుకునేవారు.

ఇప్పుడలా కుదరదు. ఎల్‌ఈడీ లైట్లున్న చాలా కార్లలో విడిగా బల్బనేదే ఉండదు. లోపల చిన్న దీపం ఆరిపోయినా లైటు మొత్తం మార్చాల్సిందే. దాన్ని బయటికి తీయడానికి కొన్ని మోడళ్లలో బంపరే విప్పాలి. వందల్లో పోయే ఖర్చు కాస్తా వేలల్లోకి చేరుతుంది. ఎల్‌ఈడీలు ఎక్కువకాలం మన్నుతాయన్నది నిజమే. కానీ సందులో ఏ ఆటోనో వచ్చి గీరితే ఆ మన్నికని ఏం చేసుకోవాలి?

సైడు అద్దం సంగతీ అంతే. ఒకప్పుడు అది ఉత్త అద్దం. ఇప్పుడందులో మోటారు, ఇండికేటరు, కొన్నింట్లో కెమెరా. ముందు అద్దానికి డ్రైవరుకు సాయపడే కెమెరా ఉంటే, కొత్త అద్దం బిగించాక దాన్ని కంప్యూటర్‌తో మళ్లీ సరిచేయాలి. తాళంచెవిలో చిప్ ఉంటుంది కాబట్టి కారుతో దానికి 'పరిచయం' చేయించాలి. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగే కార్లకు మామూలు బ్యాటరీ పనికిరాదు. స్పానరు పట్టడంలో ఆరితేరిన మెకానిక్ కూడా ఇలాంటి పనులకి షోరూమ్‌కే వెళ్లమంటున్నాడు. విజయవాడ ఆటోనగర్లోనైనా, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనైనా చేయి తిరిగిన పనితనం ఒక్కటే సరిపోని రోజులివి.

తప్పంతా టెక్నాలజీది కాదు. విడిభాగాలూ మరమ్మతు వివరాలూ బయటి మెకానిక్‌లకి అందనివ్వడం లేదంటూ కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ రద్దు చేయకూడదనీ చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. ఊరటల్లా పన్నులోనే... 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాలన్నిటి మీదా జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు చాలావాటిపై 28 శాతం ఉండేది.

'ఇన్సూరెన్స్ ఉందిగా' అంటారా? మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాల ధరలో సగం తరుగు కింద తీసేస్తారు. 1500 సీసీ లోపు కారైతే మరో వెయ్యి మనమే పెట్టుకోవాలి. అంటే, 6 వేల రూపాయల బంపరుకు పాలసీ నుంచి వచ్చేది 2 వేలు. పైగా ఏటా పెరుగుతూ ఐదేళ్లకు 50 శాతానికి చేరే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. చిన్న దెబ్బకి క్లెయిమ్ కన్నా జేబులో డబ్బే నయమనిపించేది అందుకే. తరుగు తీయని 'జీరో డిప్రిసియేషన్' పాలసీకి ప్రీమియం కాస్త ఎక్కువైనా కొత్త కారుకు అది గిట్టుబాటే.

బిల్లు చూసి కంగారుపడేకంటే ముందే ఎస్టిమేట్ అడగాలి. అందులో పార్టు ధర, లేబర్ చార్జీ విడివిడిగా రాయించుకోవాలి. సెకండ్‌హ్యాండ్ కారు కొంటుంటే రెండు తాళంచెవులూ ఇస్తున్నారో లేదో చూసుకోండి. ఒక్కటే ఉందంటే రెండోదాని ఖర్చు బేరంలోనే తగ్గించమనొచ్చు.