క్రిస్మస్ అలంకారములు - మన పల్లెల చేతిపని

డిసెంబరు మాసము ప్రవేశించుటతోనే మన పల్లెలలోని క్రైస్తవ గృహముల ముంగిట, వెదురు గడల చివర, కాగితపు నక్షత్రములు వెలుగుట అందరెరిగినదే. ఆ నక్షత్రము ఊరివారి చేతిపని. ఊరివారి కంటి యెదుటనే యుండును. మన స్త్రీ పురుషులు చేయు మరికొన్ని క్రిస్మస్ అలంకారములు మాత్రము ఊరిలో కానరావు. అవి ఓడలెక్కి పరదేశములకు పోయి, అచటి యిండ్లలో క్రిస్మస్ చెట్టు కొమ్మలకు వ్రేలాడును. నర్సాపురపు లేసు నక్షత్రములు, ఏటికొప్పాక లక్క బంతులు అట్టివి. వీనిని చేయు చేతులకు తగిన కూలి ముట్టుటలో గ్రామ పంచాయతీ సభ్యులు చేయదగినది కొంత గలదు. అందుచేత ఈ విషయమును వివరముగా మనవి చేయుచున్నాము.

ముందుగా మనకు పరిచితమైన నక్షత్రమునే తీసికొందము. దీనికి సమానమైన పొడవుగల వెదురు బద్దలు పది కావలెను. బద్ద పొడవు 36 అంగుళములనుకొందము. ప్రతి బద్దమీదను రెండు కొనలనుండియు 13¾ అంగుళముల దూరమున గురుతు పెట్టినచో నడుమ 8½ అంగుళములు మిగులును. అయిదు బద్దలను కొనలు కలియునట్లును, ఈ గురుతులవద్ద ఒకదానినొకటి దాటునట్లును కట్టినచో అయిదు మొనలును సమానముగా వచ్చును. గురుతులు లేక కంటి అంచనాతో కట్టిన నక్షత్రము ఒక ప్రక్కకు లాగినట్లుండును. ఇట్టివి రెండు చేసి, ఒకదానిపై నొకటి యుంచి, మొనలవద్ద బిగించి, లోపలి అయిదు కూడళ్లవద్ద ఆరేసి అంగుళముల పుల్లలను అడ్డముగా నిలిపినచో నక్షత్రము ఉబ్బి దీపమునకు చోటిచ్చును. పైన గాలిపటపు కాగితము అంటింపవలెను. మైదాపిండి ఉడికించునపుడు చిటికెడు మైలుతుత్తము వేసినచో ఆ జిగురును పురుగు తినదు. అయితే తుత్తము విషము గనుక ఆ గిన్నెను వంటకు వాడరాదు, పిల్లలకు అందనీయరాదు. వెనుకటి దినములలో లోపల నూనె దీపముంచెడివారు. నేటి ఎల్.ఇ.డి. దీపముతో కాగితము అంటుకొను భయము తగ్గినది గాని, తీగ అతుకులు మంచుకు తడియకుండ కాపాడవలెను.

జర్మనీ దేశమున మొరేవియన్ క్రైస్తవుల బడిలో 19వ శతాబ్దిలో ఇట్టి కాగితపు నక్షత్రములను రేఖాగణిత పాఠముగా పిల్లలచేత చేయించిరి. పిదప హెర్న్‌హూట్ అను చిన్న పట్టణమున అదియే ఒక పరిశ్రమయైనది. మన గ్రామ పాఠశాలలలోను ఉపాధ్యాయులు ఈ బద్దల లెక్కను పిల్లలచేత చేయించవచ్చునని మా యభిప్రాయము.

ఇక నర్సాపురము లేసు. కొక్కెముగల సన్నని సూదితో నూలు దారమును అల్లు ఈ పనిని గోదావరి తీరమునకు తెచ్చినవారు 19వ శతాబ్దిలో వచ్చిన క్రైస్తవ మిషనరీలు. అనతికాలములోనే మతభేదము లేక ఇంటింటి స్త్రీలు దీనిని నేర్చిరి. ఒకే వస్తువునకు పలువురి చేతులు పనిచేయును: పూలు అల్లుట చేతిపని, ఆ పూలను కలుపుట అతుకుపని. క్రిస్మస్ నక్షత్రమైనచో అల్లిన పిదప ఉతికి, గంజిలో ముంచి, పలకపై మొన మొనకు గుండుసూదులు గ్రుచ్చి ఆరబెట్టుదురు. గంజి చక్కగా ఆరకమునుపే మూటకట్టినచో బూజు పట్టి సరకంతయు తిరిగివచ్చును. నర్సాపురపు లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది.

పేరు వచ్చినది, కూలి మాట వేరు. జర్మన్ సాంఘిక శాస్త్రజ్ఞురాలు మారియా మీస్ ఈ స్త్రీలనుగూర్చి పరిశీలన చేసి 1982లో గ్రంథము ప్రకటించిరి. దినమున పలు గంటలు సూది విడువక పనిచేయు స్త్రీని వ్యాపారులే గాక, ఇంటివారును, లెక్కలు వ్రాయువారును కేవలము గృహిణిగా చూచి, ఆమె శ్రమను తీరిక వేళ కాలక్షేపముగా భావించిరని ఆమె చూపిరి. కాలక్షేపమునకు కూలి యెవరు గట్టిగా అడుగుదురు? లేసు పనిలో కూలి తక్కువగా నుండుటకు ఈ మాటయే ప్రధాన కారణమని మేము భావించుచున్నాము.

వరాహ నది ఒడ్డున, నేటి అనకాపల్లి జిల్లాలో, ఏటికొప్పాక గలదు. అచటివారు అంకుడు కర్రను తరిమెన పట్టి గుండ్రని బంతులు, గంటలు, చిన్న బొమ్మలు చేయుదురు. తిరుగుచున్న కర్రకు రంగు లక్క కడ్డీని ఒత్తినపుడు ఆ రాపిడి వేడికే లక్క కరగి అంటుకొనును. పసుపు, నీలి మొదలగు సహజ వర్ణముల వాడుకను అచట పునరుద్ధరించిన శ్రీ సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ లభించినది. ఇది కేవలము అందమునకు సంబంధించిన విషయము కాదు. పిల్లలు నోటబెట్టు వస్తువులలో సీసము వంటివి హద్దు మించినచో పరదేశములవారు సరకును నిరాకరింతురు.

పండుగ శుభాకాంక్షల కార్డులను గూర్చి కొలదిగా చెప్పుదుము. అమ్మకమునకై అచ్చువేసిన మొదటి క్రిస్మస్ కార్డు 1843లో లండనులో హెన్రీ కోల్ అను ఉద్యోగి వేయించినది. చిత్రము గీసినవారు హార్స్‌లీ, వెల ఒక షిల్లింగు. 1949లో ఐక్యరాజ్య సమితి బాలల నిధివారి మొదటి కార్డునకు ఏడేండ్ల చెక్ బాలిక గీసిన బొమ్మను గ్రహించిరి. కాగితము దొరకక ఆమె గాజు పలకపై గీసినది. మన మహిళా సంఘములు కార్డుపై చిన్న లేసు పూవు నంటించి అమ్మవచ్చును. మంచును, హాలీ ఆకులను అనుకరించుటకంటె తాటిచెట్టు, వరికంకి, మన వెదురు నక్షత్రము చిత్రించుట మేలు. ఒక్క జాగ్రత్త అవసరము: మడిచిన కార్డు 10.5 × 14.8 సెంటీమీటర్లకు మించినచో సాధారణముగా దొరకు కవరులో పట్టదు.

పండుగ డిసెంబరులో వచ్చినను పని అప్పటిది కాదు. పరదేశపు అంగళ్లలో ఈ వస్తువులు అక్టోబరు, నవంబరు మాసములకే అమరవలెను. ఓడ ప్రయాణమునకు వారములు పట్టును. కావున వేసవిలో బేరము కుదిరి, వానకాలములో పని ముగియవలెను. వెలుతురుగల, తడిలేని చోటు కావలసినదియు అప్పుడే. పంచాయతీ భవనములో గాని, సామాజిక భవనములో గాని పగటివేళ ఒక గదిని ఈ పనికి ఇచ్చుట పెద్ద వ్యయము కాదు.

2023 సెప్టెంబరులో ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకమున 18 వృత్తులు గలవు. బొమ్మలు చేయువారు అందున్నారు. పనిముట్లకు 15,000 రూపాయలు, మొదట లక్ష, పిదప రెండు లక్షల రూపాయల వరకు 5 శాతము వడ్డీకి ఋణము ఏర్పాటు చేయబడినవి. పల్లెలలో దరఖాస్తును మొదట పరిశీలించవలసినది గ్రామ పంచాయతీయే గనుక మీ యొద్ద కాగితము నిలిచినచో కళాకారుని పని నిలుచును. లేసు అల్లిక ఆ 18లో చేరలేదు. లేసు స్త్రీలు హస్తకళల అభివృద్ధి కమిషనరు కార్యాలయమువారి పహచాన్ గుర్తింపు కార్డునకు దరఖాస్తు చేసికొనవలెను. అందు వృత్తి యను చోట "గృహిణి" యని గాక "లేసు పని" యని వ్రాయించుడు.

దారమిచ్చి లేసు తీసికొని పోవు మధ్యవర్తుల విషయమున ఒక చిన్న పుస్తకము చాలును. ఇచ్చిన దారము తూకము, తేదీ, ఒప్పుకొన్న రేటు, అప్పగించిన నగముల సంఖ్య, తిరుగగొట్టినవి, వానికి కారణము, పైకము ముట్టిన తేదీ - ఇన్ని గళ్లు గీసి, ప్రతి పంక్తికి ఇరువురి సంతకములు తీసికొనవలెను. పుస్తకము పనిచేయు స్త్రీ యొద్దనే యుండవలెను, మధ్యవర్తి యొద్ద కాదు.