కృత్రిమ ఎరలతో బాస్ చేపల వేట

గాలానికి వానపామును గుచ్చి చెరువుగట్టున కూర్చుండే వారిని మనమందరం చూచినవారమే. ప్రాణంలేని చెక్కముక్కతోనో, ప్లాస్టిక్ బొమ్మతోనో చేపను మోసగించడం మాత్రం చాలామందికి వింతగా తోచవచ్చు. ఉత్తర అమెరికాకు చెందిన పెద్దనోటి బాస్ చేప విషయంలో ఇది శ్రద్ధగా అభ్యసింపదగిన విద్య. దాని మర్మమేమిటో ఇక్కడ పరిశీలిద్దాం.

బాస్ పొంచియుండి వేటాడే జీవి. నీట మునిగిన మోడుల చాటున, నాచు అంచున నిలిచి, దరికి వచ్చిన చిన్నచేపను ఒక్కసారిగా మింగుతుంది. మన కొరమీను స్వభావమూ దాదాపు ఇట్టిదే. బాస్ కంటితో చూడడమే గాక, దేహానికి ఇరుప్రక్కలా గల పార్శ్వరేఖతో నీటి కదలికలను గ్రహిస్తుంది. కనుక ఎరకు రూపం ఒక్కటే చాలదు; నడక కూడా కావాలి.

ఆ నడకను కల్పించే విధానాలు పలు. 1949లో ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్‌లో నిక్ క్రీమ్ రూపొందించిన ప్లాస్టిక్ వానపామును నీటి అడుగున మెల్లగా ఈడ్వాలి. నీటిపై తేలే ఎరను కుదుపుతూ, నడుమ నడుమ ఆపుతూ లాగాలి. ఉదయ సాయంసమయాలు దీనికి అనువైనవి. ‘స్విమ్‌బెయిట్’ అనేది చేపబొమ్మ. మెత్తని తోకనో, అతుకుల శరీరాన్నో ఆడిస్తూ నిజమైన చేపవలె ఈదుతుంది. దక్షిణ కాలిఫోర్నియా జలాశయాలలో వదిలిన ట్రౌట్ చేపలను తిని బాస్‌లు భారీగా పెరగడం గమనించిన వేటగాండ్రు, ట్రౌట్‌ను పోలిన పెద్ద ఎరలను తయారుచేశారు. వీటిని సాధారణంగా ఒకే వేగంతో, నెమ్మదిగా లాగాలి. చన్నీటిలో బాస్ మందకొడిగా ఉంటుంది గనుక వేగం మరింత తగ్గించాలి.

1932 జూన్ 2న జార్జియాలో జార్జ్ పెర్రీ కృత్రిమ ఎరతోనే 22 పౌన్ల 4 ఔన్సుల బాస్‌ను పట్టాడు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా ఆ రికార్డుకు సరితూగాడు.

అయితే ఆ సరస్సు మరొక పాఠం కూడా చెబుతుంది. 1925లో జపాన్‌కు తెచ్చిన ఈ చేప క్రమంగా వ్యాపించి, స్వదేశీ జలచరాలకు ముప్పుగా పరిణమించింది. 2005 నుండి అక్కడ అనుమతి లేక సజీవమైన బాస్‌ను పెంచడం, తరలించడం చట్టవిరుద్ధం. అమెరికాలో పట్టిన బాస్‌ను తిరిగి వదలడం మర్యాద. బివాలో అదే పని నిషిద్ధం.

చేపను పట్టే నేర్పు గొప్పదే. కాని ఏ నీటి ఒడ్డున నిలిచియున్నామో తెలిసికొనడం అంతకన్న గొప్ప విద్య యని మేము భావిస్తున్నాము.