కంప్యూటర్ తనంతట తానే ఆగి మొదలవుతుంటే...

మగ్రిబ్ నమాజు అయ్యాక, డిగ్రీ చదువుతున్న అమ్మాయి ప్రాజెక్టు నివేదిక టైపు చేయడానికి కూర్చుంది. అరగంట గడిచిందో లేదో తెర నల్లబడి, కంప్యూటర్ మళ్ళీ మొదటి నుంచి ఆన్ అయింది. "అబ్బాజాన్, రాసిందంతా పోయింది!" అన్న కేక విని తండ్రి పరుగున వచ్చాడు. ఆ వారంలో ఇలా జరగడం అది నాలుగోసారి. మదర్‌బోర్డు మార్చాలని మరమ్మతు చేసే వ్యక్తి అప్పటికే చెప్పి వెళ్ళాడు. ఆ ఖర్చుకన్నా తండ్రిని ఎక్కువగా కలవరపెట్టిన విషయం మరొకటి ఉంది. మరణించిన తన తల్లి ఫోటోలు, ఆమె మాటల రికార్డింగులు ఆ ఒక్క యంత్రంలోనే ఉన్నాయి.

ఇలాంటి పరిస్థితి ఏ ఇంట్లోనైనా ఎదురు కావచ్చు. కొత్త విడిభాగాలు కొనడానికి ముందు కారణాన్ని వరుసక్రమంలో వెతకడం మేలు.

మొదట సమాచారం భద్రం

యంత్రం హఠాత్తుగా ఆగినప్పుడు, ఆ క్షణంలో రాస్తున్న ఫైళ్ళు పాడయ్యే ప్రమాదం ఉంది. కనుక మరమ్మతు మొదలుపెట్టకముందే ముఖ్యమైన ఫోటోలను, పత్రాలను పెన్‌డ్రైవ్‌లోకో విడి హార్డ్‌డిస్కులోకో కాపీ చేసుకోవాలి.

ఎప్పుడు ఆగుతోంది?

ఒక కాగితం మీద సమయం, అప్పుడు చేస్తున్న పని రాసి ఉంచండి. ఎవరూ వాడని రాత్రివేళ మాత్రమే రీస్టార్ట్ అవుతుంటే అది విండోస్ అప్‌డేట్ కావచ్చు. సెట్టింగ్స్‌లో 'యాక్టివ్ అవర్స్' నిర్ణయిస్తే పనివేళల్లో ఆ ఇబ్బంది ఉండదు. వీడియోలు, గేములు నడిచేటప్పుడు ఆగితే వేడిని గానీ, ఎస్.ఎం.పి.ఎస్.ను గానీ అనుమానించాలి. నీళ్ళ మోటారు వేసినప్పుడో, సాయంత్రం వోల్టేజి పడిపోయినప్పుడో ఆగితే విద్యుత్తు వైపు చూడాలి.

విద్యుత్తు

మన ఇళ్ళకు రావలసిన సరఫరా 230 వోల్టులు. అది బాగా తగ్గితే యూపీఎస్ తన బ్యాటరీకి మారుతుంది. ఆ బ్యాటరీ చచ్చిపోయి ఉంటే, ఇంట్లో దీపాలు వెలుగుతున్నా కంప్యూటర్ ఆగిపోతుంది. పరీక్ష సులభం: వదులైన ప్లగ్గులు, పాత ఎక్స్‌టెన్షన్ బోర్డు తొలగించి, కంప్యూటర్‌ను ఒకటి రెండు రోజులు ఎర్తింగ్ ఉన్న గోడ సాకెట్‌కు నేరుగా కలిపి చూడండి.

వేడి

వేడి మితిమీరితే ప్రాసెసర్ మొదట వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ చల్లబడకపోతే యంత్రం ఆగిపోతుంది. చాలా ప్రాసెసర్లకు ఆ హద్దు సుమారు 100 డిగ్రీల సెల్సియస్. ప్లగ్ పూర్తిగా తీసి, పక్క మూత తెరిచి, మెత్తని పొడి బ్రష్‌తో దుమ్ము తొలగించండి. ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకుని శుభ్రం చేయాలి. మూత పెట్టాక ఫ్యాన్ తిరుగుతోందో లేదో గమనించండి.

యంత్రం చేతనే చెప్పించండి

లోపం వచ్చినప్పుడు విండోస్ సందేశం చూపినా, వెంటనే రీస్టార్ట్ కావడం వల్ల మనం చదవలేకపోతాం. 'అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్'లో 'స్టార్టప్ అండ్ రికవరీ' తెరిచి, 'ఆటోమేటికల్లీ రీస్టార్ట్' ఎదుట ఉన్న టిక్ తీసేయండి. ఇకపై సందేశం తెర మీద నిలుస్తుంది. దాన్ని ఫోటో తీసుకోండి. ఈవెంట్ వ్యూయర్‌లో 'కెర్నెల్-పవర్ 41' కనిపిస్తే కంగారు పడనవసరం లేదు. యంత్రం సక్రమంగా షట్‌డౌన్ కాలేదని మాత్రమే అది చెబుతుంది, కారణం చెప్పదు.

సందేశాలు ప్రతిసారీ మారుతుంటే ర్యామ్‌ను పరీక్షించాలి. 'విండోస్ మెమరీ డయాగ్నస్టిక్' ఇందుకు సిద్ధంగానే ఉంది. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కటిగా పెట్టి చూస్తే ఏది చెడిందో తెలుస్తుంది.

వైరస్ కూడా కారణం కావచ్చు. 2003 ఆగస్టులో వ్యాపించిన బ్లాస్టర్ వల్ల ఎన్నో కంప్యూటర్లు 60 సెకన్ల హెచ్చరికతో రీస్టార్ట్ అయ్యేవి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఒక హెచ్చరిక

ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాను మాత్రం ఎన్నడూ విప్పకండి. ప్లగ్ తీసిన తర్వాత కూడా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. కాలిన వాసన వచ్చినా, మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి కనిపించినా వాడకం ఆపి, పని తెలిసినవారికి చూపించాలి.

ఆ తండ్రీకూతుళ్ళు ముందుగా నానమ్మ రికార్డింగులను విడి డిస్కులోకి కాపీ చేశారు. తర్వాత యూపీఎస్ తప్పించి, గోడ సాకెట్‌కు నేరుగా కలిపారు. రెండు సాయంత్రాలు గడిచినా కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆగలేదు. మార్చవలసింది యూపీఎస్ బ్యాటరీ మాత్రమేనని తేలింది. ఇప్పుడు ఆ అమ్మాయి ప్రతి నెల మొదటి ఆదివారం ఇంటిల్లిపాది ఫైళ్ళకు మరో ప్రతి తీసి దాచిపెడుతోంది.