కనిపించినంత మేరకే వేగం

చింతూరు కూడలిలో ఒక ఉదయం కొంతసేపు నిలబడితే మన రహదారుల తీరు తెలిసివస్తుంది. భద్రాచలం నుండి వచ్చే బస్సులు, కుంట మీదుగా ఛత్తీస్‌గఢ్‌కు పోయే లారీలు, ఒడిశా వైపు సాగే జీపులు, మారేడుమిల్లి కొండదారి పట్టే యాత్రికుల వాహనాలు ఇక్కడ కలుస్తాయి. వాటి నడుమ సందు చూసుకొని సాగిపోయేది మోటారు సైకిలు. సెలవు దినాలలో మన విద్యార్థులు కూడా జట్లుగా ఈ దారినే పోతుంటారు. అందుచేత కొన్ని మాటలు మనవి చేయదలచాము.

మారేడుమిల్లి-చింతూరు ఘాట్ రోడ్డు ఎంత రమణీయమో అంత ప్రమాదకరం. 2019 అక్టోబరులోను, 2025 డిసెంబరులోను యాత్రికుల వాహనాలు ఈ దారిలో లోయలో పడి పలువురు మరణించారు. పెద్ద వాహనాలకే ఇట్టి గతి పట్టినచోట, రెండు చక్రాలపై పోయేవాడు ఎంత జాగరూకుడై ఉండాలి?

సరైన వేగమేది? కనిపించినంత దూరంలో ఆగగలిగిన వేగమే. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు సుమారు 17 మీటర్లు సాగుతుంది. అపాయాన్ని గుర్తించి బ్రేకు వేసేలోగా ఆ సెకను గడచిపోతుంది. ఆ తరువాత పొడి రోడ్డుపై కూడా ఆగడానికి మరో 25 మీటర్లు కావాలి. వేగాన్ని 30కి తగ్గిస్తే మొత్తం 15 మీటర్లలో ఆగవచ్చు. మలుపులో 20 మీటర్ల దారి మాత్రమే కనబడుతున్నప్పుడు ప్రాణం ఈ లెక్కమీదనే ఆధారపడి ఉంటుంది. వాన కురిసినా, రోడ్డుపై ఇసుక ఉన్నా వేగం ఇంకా తగ్గాలి.

దిగుడులో ఇంజను ఆపరాదు. చిన్న గేరులోనే దిగాలి. మలుపు దగ్గర హారను మోగించి, ఎడమ పక్కనే ఉండాలి. ఇరుకు దారిలో ఎక్కే బండికి దిగే బండి తోవ ఇవ్వాలి. లారీ డ్రైవరు అద్దంలో మనకు కనబడకపోతే, మనమూ అతనికి కనబడటం లేదని గ్రహించాలి.

ఇక శిరస్త్రాణం. అరేబియా లారెన్సుగా ప్రసిద్ధికెక్కిన టి.ఇ. లారెన్సు 1935 మే నెలలో మోటారు సైకిలు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి ఆరు రోజులకు మరణించాడు. ఆయనకు చికిత్స చేసిన వైద్యులలో ఒకరైన హ్యూ కెయిర్న్స్, సైనిక మోటారు సైకిలిస్టుల గాయాలను పరిశీలించి, హెల్మెట్టు ప్రాణరక్షకమని 1941లో ప్రకటించాడు. మన 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం హెల్మెట్టు నడిపేవారికే కాదు, వెనుక కూర్చున్నవారికీ తప్పనిసరి. దానిని గడ్డం కింద బిగించకపోతే పెట్టుకొన్నా ఫలం లేదు. ముగ్గురు కలిసి ఎక్కడం ఎన్నడూ కూడదు.

హెల్మెట్టు లేని బండిని కళాశాల ద్వారం దాటనీయవద్దని కమిటీ సభ్యులకు మా మనవి. విద్యార్థులారా! ఆలస్యంగా వచ్చినవారిని తరగతిలోకి రానిస్తాము. హాజరు పట్టికలో ఒక పేరును కొట్టివేయవలసిన దినం మాత్రం మాకు రానీయకండి.