మన గడపలో కడప బేసిన్

కడప బేసిన్ ఉత్తరపు అంచు మన నల్లగొండలోనే ఉందంటే మావాళ్లు నమ్మరు! పానగల్ చుట్టూ ఉన్న గ్రానైటుకు సుమారు 250 కోట్ల ఏళ్లు. సాగర్ దిక్కు పోతే అదే గ్రానైటు శ్రీశైలం క్వార్ట్‌జైటు పొరల కిందికి దిగిపోతుంది. దాదాపు 190 కోట్ల ఏళ్ల నాడు నేల సాగి కుంగగా ఏర్పడిన పల్లంలో ఇసుక, బురద, సున్నం పేరుకున్నాయి. తర్వాత తూర్పు నుంచి వచ్చిన ఒత్తిడికి నల్లమల పొరలు మడతలు పడ్డాయి. మనవైపువి చాపల్లాగే పరుచుకొని ఉన్నాయి. గ్రానైటుకూ పై పొరకూ నడుమ 60 కోట్ల ఏళ్లకు పైగా చరిత్ర గల్లంతు. ఆ అతుకు వెంబడి కదిలిన నీరే గ్రానైటులోని యురేనియాన్ని కరిగించి తెచ్చి లంబాపూర్, పెద్దగట్టుల దగ్గర వదిలింది. గని తవ్వితే తెరవాల్సింది ఆ అతుకునే. పక్కనే సాగర్ జలాశయం. హైదరాబాదుకూ అక్కణ్ణించే కృష్ణా నీళ్లు. నీళ్లు చెడిపోతాయనే 2003 ప్రజాభిప్రాయ సేకరణలో జనం గని వద్దన్నారు.